సమాధుల తోట దగ్గర రైలు వంపు

కోనసీమకు మొట్టమొదట రైలు తెచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు గోదావరిలో స్తంభాలు లేపుతున్న ఇంజనీర్లు ఈ మాట వింటే నవ్వుతారు గాని, వాళ్ళలో చాలామంది పుట్టకముందే మా ఊరి మీదుగా రైలు నడిచింది. ముక్తేశ్వరంలో ఆగింది, అమలాపురంలో నీళ్ళు పట్టుకుంది, పి.గన్నవరం అక్విడక్టు పక్కనుంచి రాజోలు వైపు సాగిపోయింది. రేవులో నది దాటించే పంటు కోసం గొడుగులేసుకుని నిలబడే జనం, దర్జాగా కిటికీ పక్కన కూర్చుని గౌతమి దాటడం నా కళ్ళతో చూశాను.

సరే, ఒప్పుకుంటాను. ఆ జనం అగ్గిపుల్లలకు రంగు పూసిన జనం. గౌతమి ఒక నీలం అట్టముక్క. రైలు మొత్తం కలిపి మూరెడుంటుంది. కూత మాత్రం అసలైనదే. నా నోటితో వేసేవాణ్ణి.

ఈ పిచ్చి డెబ్బైల చివర్లో మొదలైంది. అప్పుడు నేను అమలాపురానికీ ముక్తేశ్వరానికీ మధ్య, కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో హైస్కూలు డ్రాయింగు మాష్టార్ని. ఒక దొర నా బొమ్మలు చూసి మురిసిపోయి, ఓడెక్కేముందు తన కొడుకు ఆడుకున్న రైలు నా చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఆ దొరను నేను చూడనే లేదు. పాత మిషను బంగళా ఒకటి ఖాళీ చేస్తూ సామాన్లు వేలం వేశారు. మా ఆవిడకు బీరువా కావాలంటే వెళ్ళాను. బీరువా నాకంటే ధైర్యంగా పాడినవాళ్ళకు పోయింది. నాకు మూత లేని చెక్కపెట్టె దక్కింది. అందులో ఇంజను, రెండు పెట్టెలు, కొన్ని తిన్నటి పట్టాలు, కొన్ని వంపు పట్టాలు, ఒక లైను రెండుగా చీలే చోట పెట్టే పాయింటు ఒకటి. అన్నిటికీ అడుగున చిన్నపిల్లవాడి ఊలు మేజోడు, ఒకటే. రెండోది లేదు. తీసి చూస్తే అప్పుడే కాలినుంచి విప్పినట్టు తడిగా ఉంది.

తడి అబద్ధం. పొడిగానే ఉంది. కాని వెచ్చగా ఉంది. పెట్టె ఎండలో ఉంది కాబట్టి అనుకున్నాను.

"బీరువా తెండి మహానుభావా అంటే బొమ్మరైలు తెచ్చేరా? చీరలు ఈ ఇంజను మీద మడతపెట్టుకోమంటారా?" అంది మా ఆవిడ. అని, ఆ మేజోడు ఉతికి, ఆరేసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది.

"అదెందుకే?"

"ఎవరి పిల్లాడిదో. అడిగితే ఇవ్వాలి కదండీ."

పెట్టె మేడ మీదికి మోసుకెళ్ళాను.

మా నాన్నగారు రైలు మనిషి. అంటే రైల్లో పనిచేశారని కాదు, రైలెక్కారని. గౌతమికి అవతల కోటిపల్లి దాకా ఒకప్పుడు రైలొచ్చేది. యుద్ధకాలంలో పట్టాలు పీక్కుపోయారు. ఆ తరవాత కూడా, గాలి ఉత్తరంగా ఉన్నప్పుడు ముక్తేశ్వరం రేవులో నిలబడితే అవతలి ఒడ్డున బండి కూసినట్టు వినిపిస్తుందనేవారు ఆయన. నేనూ విన్నానని మా క్లాసు పిల్లలకు చెప్పేవాణ్ణి. నేను వినలేదు. ఆయన విన్నారో లేదో మాత్రం చివరిదాకా ఆయన ఒప్పుకోలేదు.

ఆ పోయిన లైనును నేను నదికి ఇవతలికి పొడిగించాను. మేడ మీద గదిలో పాత తలుపులు రెండు బల్లలా పరిచి, వాటి మీద కోనసీమ కట్టాను. కాలవ ఒండ్రుతో నేల, అద్దం ముక్కలతో కాలవ, ఈనెలతో కొబ్బరిచెట్లు. మా వైపు చోటుకు గుర్తు చెప్పాలంటే చెట్లే గుర్తు. ఫలానా వంగిన చెట్టు దగ్గర దిగండి, జోడుచెట్ల పక్క సందులోకి రండి, అంటాం. అందుకని మా ఊరి దగ్గరకొచ్చేసరికి ఎవరి దొడ్లో ఏ చెట్టు ఎటు వంగిందో చూసుకుని మరీ పెట్టాను. కాలవగట్టున లాకు, లాకు పక్కన తెల్లగోడ, ఆ గోడలోపల క్రైస్తవుల సమాధుల తోట. జనం వచ్చి వాళ్ళ వాళ్ళ చెట్లు పోల్చుకుని, "ఇదిగోనండి, మాదేనండి! కాయలు కూడా పెట్టాల్సిందండి" అని సంబరపడేవారు.

బల్లకు ఇవతలి అంచున కోనసీమ, అవతలి అంచున మా ఆవిడ పాత చీరె. ఆ చీరె వెనకది తక్కిన దేశం. రాజోలు దాటిన రైలు చీరె వెనక్కి పోయి, చుట్టు తిరిగి, మళ్ళీ కోటిపల్లి దగ్గర బయటికొచ్చేది. నడపడానికి లారీ బ్యాటరీ. కరెంటును నమ్ముకుంటే మా ఊళ్ళో రైలు కాదు, ఫ్యానే తిరగదు. ఒక్కోసారి రైలు చీరె వెనక ఉండాల్సినదాని కంటే ఎక్కువసేపు ఉండేది. చప్పుడుండేది కాదు. చీరె కుచ్చిళ్ళు కొంచెం కదిలేవి. నేను వంగి చూద్దామనుకునేలోపు కోటిపల్లి దగ్గర ఇంజను ముక్కు కనిపించేది. అవతల ఏదో అతుకు వదులై ఉంటుంది. ఆ అతుకు కోసం చాలాసార్లు వెతికాను.

మా వీధిలో ఒక టీచరమ్మగారుండేవారు. మా ఆవిడకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించినావిడ, అప్పటికి పెన్షను తీసుకుంటున్నారు. భర్త కాంపౌండరు, పోయి కొంతకాలమైంది. పిల్లల్లేరు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, తెల్లచీరెతోనే మేడ మెట్లెక్కి రైలు చూడ్డానికొచ్చారు. బల్ల అంచున అరచెయ్యి ఆనించి, వంగి, పిల్లల పలకలు దిద్దినట్టు చూశారు.

"ఇది మన కాలవేనా అండి?"

"ఆయ్, మన కాలవేనండి."

"ఇది లాకు."

"ఆయ్."

"ఈ తెల్లగోడ మా సమాధుల తోట."

"ఆయ్, సరిగ్గా పట్టేరండి."

"మరి మావారి మీంచి వేసేరేంటండి పట్టాలు?"

నేను వంగి చూశాను. దాదాపు నిజమే. గోడలోపల మూలనున్న ఒంటి కొబ్బరిచెట్టు పక్కనుంచి పోతోంది లైను. వాళ్ళ కుటుంబంలో సమాధి తలవైపు కొబ్బరిమొక్క నాటడం ఆచారం. ఆ చెట్టు ఆయనది. ఆ పక్కన ఖాళీచోటు ఈవిడ కోసం అట్టేపెట్టింది. పట్టాలు సరిగ్గా ఆ ఖాళీచోటులోనే ఉన్నాయి.

"మావారికి బతికున్నన్నాళ్ళూ చప్పుడు గిట్టేది కాదండి. పక్కింట్లో దంపుతుంటే లేచి కూర్చునేవారు. ఆయన పక్కనుంచి రైలేంటండి? పైగా అది నా చోటు."

అసలు సంగతి చాలా చిన్నది. పెట్టెలో వచ్చిన వంపు పట్టాలన్నీ బల్ల రెండు చివర్లా రైలు తిరగడానికి అయిపోయాయి. ఊరి దగ్గరకొచ్చేసరికి తిన్నటివే మిగిలాయి. తోట చుట్టూ తిప్పడానికి నా దగ్గర వంపు లేదు. అంతే. ఆ ముక్క చెబితే పోయేది. కాని ఆవేళ గదిలో వాళ్ళ చర్చి సంఘపెద్దగారూ, ఇంకొందరూ ఉన్నారు. జనం ఉంటే నా నాలిక్కి కాళ్ళొస్తాయి.

"నేనేం చెయ్యనండి టీచరమ్మగారండీ? ఎలైన్‌మెంటు పైనుంచి అలా వచ్చింది. నా చేతుల్లో ఏముందండి?" అన్నాను.

ఇక్కడో మాట చెప్పాలి. బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. బొమ్మరైలును చూసి అసలు రైలు ఎటు పోతుందో నమ్మేస్తారా ఎవరైనా? మేం నమ్ముతాం. మా తాతల నాటినుంచీ ప్రతి ఎన్నికలకూ మాకు రైలొస్తుంది. పటాలు చూపిస్తారు, రాళ్ళు పాతుతారు, దండలేస్తారు. ఎన్నికలైపోయాక ఆ రాళ్ళకు గేదెల్ని కట్టుకుంటాం. అన్ని రైళ్ళలోకీ కళ్ళముందు కదిలిన రైలు నాదొక్కటే. అందుకని నా బల్ల మీద ఉన్నదే ఖరారైన దారి అని ఊరు తీర్మానించుకుంది. "మాష్టారికి పైన ఎవరో తెలుసండి. లేకపోతే అంత కచ్చితంగా ఎలా పెడతారండి?" అనేవారు. ఒకాయనైతే తన దొడ్లోని చెట్టు పక్కకు జరపమని పనసకాయ మోసుకొచ్చాడు. కాయ తిన్నాం. చెట్టు జరపలేదు.

టీచరమ్మగారు మాత్రం ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేవారు. అడిగేవారు కాదు. అంచున అరచెయ్యి ఆనించి, రైలు తోట దాటేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. ఒకసారి ఈనెలతో ఒక చిన్న చెట్టు చేసి తెచ్చారు. నా చెట్ల కంటే బావుంది. దాన్ని భర్త చెట్టు పక్కన గుచ్చబోయారు. గుచ్చడానికి చోటు లేదు, పట్టాలున్నాయి. నా చేతికిచ్చారు.

"మీ పైవాళ్ళు లైను మార్చేక పెట్టండి మాష్టారండీ."

నా సుద్దముక్కల డబ్బాలో పడేశాను.

అప్పుడే రైలు ఆగడం మొదలైంది. తోట గోడ దగ్గరకు రాగానే ఇంజను నెమ్మదించి, ఆ చెట్టు పక్కన ఆగిపోయేది. కొంచెం సేపుండి, మళ్ళీ తనంత తనే కదిలేది. ఈ వార్త ముమ్మిడివరం దాకా పాకింది. చచ్చినవాళ్ళకు రైలు మర్యాద చేస్తోందని మేడ మెట్ల మీద అంతర్వేది తీర్థమంత జనం.

తీర్థమంత కాదు. ఇద్దరు వచ్చేచోట ముగ్గురు వచ్చేవారు. ఆ ఆగడం కూడా నేనే చేశాను. పట్టాల మీద కొబ్బరినూనె చుక్క వేస్తే చక్రం జారుతుంది, వెనకపెట్టెల బరువుకు ఇంజను ఆగుతుంది, తిరిగి తిరిగి నూనె తుడుచుకుపోయాక కదులుతుంది. జనం నోళ్ళు తెరిస్తే నాకు అన్నం తిన్నంత తృప్తి.

టీచరమ్మగారు నోరు తెరవలేదు. రైలు ఆగినప్పుడు ఆవిడ ముఖం చూశాను. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో ఎవరో తలుపు కొడితే తల్లి చూసే చూపు.

"ఆపకండి మాష్టారండీ," అన్నారు మెల్లగా. "దాటిపోతే పర్లేదండి. ఆగితే, ఎవరొచ్చేరో అని ఆయన చూస్తారు."

ఆ సాయంత్రమే కిరసనాయిలు గుడ్డతో పట్టాలు తుడిచేశాను. మర్నాడు ఎన్ని చుట్లు తిప్పినా రైలు ఆగలేదు. ఆదివారం ఆవిడ వచ్చి కూర్చున్నారు. రైలు ముక్తేశ్వరం దాటింది, లాకు దాటింది, గోడ దగ్గరకొచ్చింది. ఆగింది.

నేను నూనె వెయ్యలేదు. మా ఆవిడ మీద ఒట్టు. టీచరమ్మగారి చెయ్యి ఆనినచోట బల్ల వంగి అతుకు విడిపోతోందేమోనని చెయ్యి తీయించాను. ఆగింది. బల్ల కింద చెక్క దిగ్గొట్టాను. ఆగింది. ఆవిడ లేని రోజుల్లో మాత్రం ఝామ్మని పోయేది. ఆగిన ఇంజను మీద వేలు పెడితే లోపల మోటారు తిరుగుతున్నట్టు సన్నగా అదురుతూ ఉండేది గాని చక్రాలు కదిలేవి కావు. పైనున్న కొబ్బరిచెట్టు ఈనె మాత్రం, గదిలో గాలి లేకపోయినా, ఊగేది. ఊగేది అన్నది కొంచెం ఎక్కువ. వణికేది.

ఆ తరవాతి సంగతికి నేనే కారణం. ఎవరో మనుషులు గొలుసూ, ఎర్రజెండాలూ పట్టుకుని కాలవగట్టు కొలుచుకుంటూ వచ్చారు. గట్టు మరమ్మతుకు వచ్చినవాళ్ళు. నాకు తెలుసు, నేనడిగాను. అడిగి తిన్నగా టీకొట్టు దగ్గరికెళ్ళి, "చూసేరా? నా లైను మీంచే కొలుస్తున్నారు," అన్నాను. టీకొట్టు బల్ల మీద సంఘపెద్దగారు కూర్చుని ఉన్నారు.

ఆ వారం సంఘంలో మాట్లాడుకున్నారట. రైలొచ్చే వరసలో ఇకనుంచి ఎవర్నీ పాతిపెట్టకూడదని, పెట్టినవాళ్ళని మళ్ళీ లేపాల్సొస్తే పాపమని. టీచరమ్మగారు ఆదివారం దాకా ఆగకుండా, మధ్యాహ్నం ఎండలో మేడెక్కి వచ్చారు. మా ఆవిడ మజ్జిగిస్తే పుచ్చుకున్నారు గాని తాగలేదు.

"నా చోటు తీసేసేరండి. గోడవార కొత్తవరసలో ఇస్తారంట. ఆయన తల ఆ మూల, నేనీ మూల. ముప్ఫయ్యేళ్ళు ఒక్క దుప్పటి కిందున్నవాళ్ళవండి. నాకు ఇంకేం అక్కర్లేదు. ఆ పక్కన ఆరడుగులు చాలు. మొక్క కూడా మొలిపించి పెట్టుకున్నానండి పెరట్లో. అదీ ముదిరిపోతోంది."

ఆవిడ వెళ్ళాక, ఆవిడ తాగని మజ్జిగ గ్లాసు మా ఆవిడ చేతిలోకి తీసుకుంది. ఒక్క మాటంది. "అక్షరాలు నేర్పినావిడండీ ఆవిడ. మీ నోటికి చోటు ఇవ్వడానికి ఆవిడ చోటు పోవాలా?"

సంఘపెద్దగారింటికి వెళ్ళాను. అంతా చెప్పేశాను. వంపు పట్టాల సంగతి, గట్టు మరమ్మతు సంగతి, పైన నాకెవరూ తెలియని సంగతి. పుట్టి బుద్ధెరిగాక అంత నిజం ఒక్కసారి నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన చివరిదాకా విని, నా భుజం తట్టారు.

"మీరు మంచివారండి మాష్టారు. టీచరమ్మగారి కోసం ఇంత అబద్ధం ఆడుతున్నారు. మాకు తెల్దేంటండి?"

"అబద్ధం కాదండి పెద్దగారండీ, ఇదే నిజవండి!"

"ఆయ్, ఆయ్. అలాగేనండి. మరి బల్ల మీద లైను అలాగే ఉందే?"

ఒకటే దారి మిగిలింది. బల్ల మీద లైను మార్చాలి. మారిస్తే ఊరు నమ్ముతుంది.

అమలాపురం స్టేషను దగ్గరున్న పాయింటును పీకి, తోట గోడకు ముందు పెట్టాను. అక్కడినుంచి తోట బయటిగా లైను చుట్టి తిప్పాలి. వంపు పట్టాలు కొనడానికి దొరికే వస్తువు కాదు. నూనెడబ్బా రేకు కత్తిరించి, సన్నగా మడిచి, వంచి, నేనే చెయ్యాలి. చెయ్యి తిరిగిన పనిమంతుడిలా చేసేశానని రాద్దామనుకున్నాను. చెయ్యలేదు. రేకు ఒక వంక వంచితే ఇంకోవంక లేచేది. రైలు ఎక్కిన ప్రతిసారీ పక్కకు పడిపోయేది. విసుగొచ్చి వారాల తరబడి వదిలేసేవాణ్ణి. టీచరమ్మగారు వచ్చి సగం వంపును చూసి, వేలితో తడిమి వెళ్ళేవారు. ఆవిడ వచ్చినప్పుడల్లా రైలు పాత లైను మీద, అదే చెట్టు దగ్గర, ఆగేది. పాపం వంపు తయారయ్యేదాకా కాచుకున్నట్టు.

అలా ఉండగానే ఎనభై ఆరు వరద వచ్చింది. గోదావరి ఎక్కడిదాకా వచ్చిందో, ఆ కథ కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు, నాలా పెంచక్కర్లేదు. మా ఊరు గట్టు మీదుండి బతికింది. చుట్టూ చేలు సముద్రం. లంకలవాళ్ళు మా స్కూల్లో తలదాచుకున్నారు. కరెంటు లేదు. రైలు బ్యాటరీ విప్పి స్కూల్లో దీపానికి ఇచ్చేశాను. విప్పేటప్పుడు రైలు ముక్తేశ్వరం స్టేషనులో ఉంది. ఆ మాట ఇప్పటికీ గట్టిగా చెప్పగలను, ఎందుకంటే పడిపోకుండా స్టేషను గోడకు ఆనించి మరీ పెట్టాను. గదికి గొళ్ళెం పెట్టి వచ్చేశాను.

టీచరమ్మగారు స్కూలు వరండాలో పిల్లలకు గంజి పోస్తూ, వాళ్ళచేత ఎక్కాలు చెప్పిస్తూ గడిపారు. నీళ్ళు తీశాక జ్వరం తగిలింది. ఒక ఉదయం మా ఆవిడ కాఫీ పట్టుకెళ్ళేసరికి ప్రాణం లేదు. పెరట్లో కొబ్బరిమొక్క, వరదనీళ్ళలో నాని కూడా, పచ్చగా నిలబడి ఉంది.

మధ్యాహ్నం మబ్బు మూసుకుని ఉంది. సంఘపెద్దగారు తడికాళ్ళతో మా వాకిట్లో నిలబడ్డారు.

"ఏమనుకోకండి మాష్టారండీ. ఒకసారి బల్ల చూడాలండి."

"బల్లెందుకండి ఇప్పుడు?"

"గొయ్యి తవ్వడానికి మనుషులు పలుగులుచ్చుకు వీధిలో నిలబడ్డారండి. గోడవారే అనుకున్నాం. కాని ఆవిడ మాట మనసులో పీకుతోంది. ఒక్కసారి లైను ఎటుందో చూసుకుంటే, ఆయ్, తప్పు మామీదుండదండి."

నేను కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కాను. లైను ఎటుందో నాకు తెలుసు. పాత పట్టాలు తిన్నగా ఆ ఖాళీచోటు మీంచే ఉన్నాయి. వంపు సగమే అయింది, దాని చివర మేకు, ఆ మేకు అవతల ఉత్త ఒండ్రు. పాయింటు తిన్నటి దారికే పడి ఉంది. వంపుకు ఇంకా తీగె కలపలేదు, బ్యాటరీ ఉన్నా అక్కడ ఇంజను కదలదు. ఏం అబద్ధం చెబితే ఆయన నమ్ముతారా అని ఆలోచిస్తూ గొళ్ళెం తీశాను.

గదిలో తడి పీచు వాసన. కిటికీలోంచి వెలుతురు బూడిదరంగులో ఉంది. చీరె కదలడం లేదు. అగ్గిపుల్లల జనం ఎప్పటిలాగే ముక్తేశ్వరం స్టేషనులో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు రైలు లేదు.

రైలు వంపు మీద ఉంది.

ఇంజనూ, రెండు పెట్టెలూ, ఎప్పుడు పెట్టినా పడిపోయే ఆ రేకు పట్టాల మీద తిన్నగా నిలబడి ఉన్నాయి. సమాధుల తోటకు బయటిగా తిరిగి, వంపు ఆఖరి అంచున, మేకుకు ముక్కు ఆనించి ఆగింది ఇంజను. ఇంకొక్క వేలెడు ముందుకొస్తే మట్టిలో పడేది. పాయింటు మాత్రం తిన్నటి దారికే పడి ఉంది.

సంఘపెద్దగారు వంగి చూశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"మార్పించేరన్నమాట."

నేను నోరు తెరిచాను. నేను కాదండి, ఇలా జరగడానికి వీల్లేదండి, అని చెబుదామనే తెరిచాను. కాని ఒకసారి నిజం చెబితే ఏమైందో గుర్తొచ్చింది. మూసుకున్నాను. నా జీవితంలో జనం ముందు నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

ఆయన కిటికీలోంచి వంగి కింద ఉన్నవాళ్ళకు కేకేశారు. "కాంపౌండరుగారి పక్కనే తవ్వండర్రా! రైలు బయటిగా పోతోంది!"

టీచరమ్మగారిని ఆ సాయంత్రం భర్త పక్కన ఖాళీచోటులోనే దించారు. గోతిలో నీరూరుతుంటే కొబ్బరిమట్టలు పరిచారు. తలవైపు, ముదిరిన ఆ మొక్కను మా ఆవిడ చేత నాటించారు.

ఇంటికొచ్చాక మా ఆవిడనడిగాను. "రైలు నువ్వు జరిపేవా?"

ఆవిడ చేతులు కడుక్కుంటోంది. మట్టి గోళ్ళలోంచి పోవడం లేదు. "నేనెప్పుడు ముట్టుకున్నానండీ మీ రైలు? మీరే జరిపేరనుకున్నాను. పోనీలే, బతుకులో ఒక మంచిపని చేసేరనుకున్నాను."

"నేను కాదే."

"మళ్ళీ మొదలెట్టకండి," అంది. తల ఎత్తి నా ముఖం చూసింది. చూసి, పైకెళ్ళి, చెక్కపెట్టెలో ఆ పిల్లాడి మేజోడు ఉందో లేదో చూసుకొచ్చింది. ఉందని చెప్పింది. నేనడక్కుండానే.

తరవాత వంపు పూర్తి చేశాను. అదే రేకు, అదే వంకర. మిగతా బల్ల మీద ఎక్కడ పడినా రైలు ఆ వంపు మీద ఇప్పటిదాకా పడలేదు. పాత పట్టాలు పీకేసి, ఆ గుంటలో, సుద్దముక్కల డబ్బాలోని ఈనె చెట్టు గుచ్చాను. కాలవగట్టున అసలు చెట్లు రెండూ ఇప్పుడు ఒక ఎత్తుకొచ్చాయి. ఏది ముందు నాటిందో కొత్తవాళ్ళకు తెలియదు.

అసలు రైలు వస్తుందంటున్నారు. స్తంభాలు నేనూ చూసొచ్చాను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆగి, "మాష్టారండీ, లైను ఎటు పోతుందంటారండి?" అని అడుగుతారు. నాకు తెలియదంటాను. నవ్వుతారు, నమ్మరు.

అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట ఒక్కణ్ణే మేడెక్కి రైలు తిప్పుతాను. రైలు గోడ దగ్గరకొస్తున్నప్పుడు, టీచరమ్మగారిలా, బల్ల అంచున అరచెయ్యి ఆనిస్తాను. రైలు ఆగదు. బయటిగా తిరిగి, రాజోలు వైపు పోయి, చీరె వెనక మాయమవుతుంది. మాయమయ్యాక కూడా తోట ఉన్నచోట బల్ల నా చేతి కింద కొంచెంసేపు సన్నగా అదురుతుంది, ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటుంటే తలుపుకు చెయ్యి ఆనించినట్టు.

ఇది మాత్రం పెంచి చెప్పలేదు. కొంచెంసేపు అన్నాను గదా, అది కూడా తగ్గించి చెప్పిందే.